ఆదేశం ఇక్కడ, పని అక్కడ

వాగ్రెంట్‌తో లేపిన వర్చువల్ మెషీన్‌లో వర్డ్‌ప్రెస్ సైటు చక్కగా నడుస్తుంటుంది. ఫైళ్లు లాప్‌టాప్‌లోనే కనిపిస్తున్నాయి కదా అని కొత్త డెవలపర్ అక్కడే టెర్మినల్ తెరిచి ప్లగిన్ల జాబితా అడుగుతాడు. డేటాబేస్ అందడం లేదని జవాబు! సైటుకు జబ్బేమీ లేదు. కాన్ఫిగ్ ఫైల్లో రాసిన లోకల్‌హోస్ట్ ఆ మెషీన్ లోపలిది. దాని మైఎస్క్యూఎల్ లాప్‌టాప్‌లో లేనేలేదు. కాబట్టి కమాండు ఆ మెషీన్‌లోనే నడవాలి.

వర్డ్‌ప్రెస్‌ను టెర్మినల్ నుంచి నడిపే సాధనం డబ్ల్యూపీ-సీఎల్ఐ ఈ చిక్కును ఎంత ముచ్చటగా విప్పిందో చూడాలి. యూజర్, హోస్టు, ఫోల్డర్ దారి ఒక వైఎంఎల్ ఫైల్లో రాసి, దానికి స్టేజింగ్ అనో డెవ్ అనో పేరు పెడితే చాలు. ఆ పేరు ముందు ‘ఎట్’ గుర్తు పెట్టి కమాండు కొట్టగానే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెరుచుకుంటుంది. అవతలి డబ్ల్యూపీ-సీఎల్ఐ ఆ ఫోల్డర్లో పని చేస్తుంది, ఫలితం ఇక్కడి తెరమీద పడుతుంది. అవతల కూడా ఆ సాధనం ఉండాలన్నదొక్కటే షరతు. వాగ్రెంట్, డాకర్‌లకూ ఇదే పద్ధతి. ‘ఎట్ ఆల్’ అంటే పేరు పెట్టిన సైట్లన్నీ ఒకే వరుసలో పలుకుతాయి!

చరిత్ర క్లుప్తంగా: ఎస్ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్లాండ్‌లో తాతు ఇలోనెన్ రాశాడు. డబ్ల్యూపీ-సీఎల్ఐ 2011లో ఆండ్రియాస్ క్రెటెన్, క్రిస్టీ బుర్కాల చేతుల్లో మొదలైంది. ఇలా పేర్లు పెట్టి పిలవడం డ్రూపల్‌వాళ్ల ఇలాంటి సాధనం డ్రష్‌లో ముందే ఉందని ఆ శిబిరం గుర్తుచేస్తూనే ఉంటుంది. నిజమే, ఒప్పుకోవాల్సిందే.

కానీ డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రిప్లేస్ కమాండు ముందు ఎవరైనా చేతులు జోడించాలి. వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగులను అక్షరాల లెక్కతో సహా దాస్తుంది. హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఎగ్జాంపుల్.కామ్ చిరునామాకు లెక్క 18. ఎస్ చేర్చితే 19 కావాలి. డేటాబేస్ డంపు ఫైల్లో గుడ్డిగా మాటలు మార్చితే లెక్క 18 దగ్గరే ఉండిపోతుంది, పీహెచ్‌పీ ఆ సెట్టింగును చదవలేదు, విడ్జెట్లు మాయం! ఈ కమాండు మాత్రం ముడి విప్పి, చిరునామా మార్చి, లెక్క సరిచేసి మళ్లీ ముడి వేస్తుంది. డ్రై-రన్ పెడితే ఏమీ తాకకుండా ఎన్ని చోట్ల మారుతుందో చెబుతుంది.

ఇంత పనితనం చేతికందే దూరంలో ఉండగా జరుగుతున్నదేమిటి? లైవ్ సైటును కంట్రోల్ ప్యానెల్ ఫైల్ మేనేజర్లో దిద్దడం, డేటాబేస్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మాటలు మార్చడం! అంతకన్నా ఘోరం, రూట్‌గా నడపొద్దని సాధనమే ఆపుతుంటే, ఎక్కడో చూసిన అలౌ-రూట్ ఆప్షన్ తగిలించి ముందుకు దూకడం. అలా చేస్తే సైటులోని ప్రతి ప్లగిన్ కోడుకూ సర్వర్ మొత్తం అప్పగించినట్టే. దీన్ని నైపుణ్యమని ఇంటర్వ్యూల్లో చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

కొత్తవాళ్లకు సర్వర్ తాళాలిచ్చే సంస్థలు ముందు వర్చువల్ మెషీన్ మీద ఈ కమాండ్లు నేర్పించాలి. డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ తీసుకుని, డ్రై-రన్ చూశాకే ఎవరినైనా లైవ్ సైటు ముట్టుకోనివ్వాలి.