నోటిమాటే పాఠ్యాంశంగా: ఇంగ్లండ్ ఎ-లెవెల్ ఆంగ్లభాషా ప్రణాళిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఇంగ్లండులో పదహారు నుండి పద్దెనిమిదేళ్ల విద్యార్థులు సిక్స్త్ ఫామ్‌లో ఐచ్ఛికంగా చదివే ఎ-లెవెల్ ఆంగ్లభాష, సాహిత్యానికి అనుబంధంగా కాక భాషనే పరిశీలనాంశంగా నిలిపిన పాఠ్యక్రమం. విద్యార్థి నోటిమాటను దత్తాంశంగా గుర్తించడం దీని విశిష్టత. ఆ గుర్తింపును పరీక్షా విధానం ఎంతవరకు నిలబెట్టుకొన్నదో ఎ.క్యు.ఎ. ప్రణాళిక ఆధారంగా పరిశీలించి, తెలుగు బోధనతో దానికి గల ఒక చారిత్రక సంబంధాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఎ-లెవెల్, ఆంగ్లభాషా బోధన, వర్ణనాత్మక దృష్టి, ప్రామాణిక భాష, మాండలికం, మూల్యాంకనం, వ్యావహారిక భాషోద్యమం.

1. ఉపోద్ఘాతం

సిక్స్త్ ఫామ్ వయసును బట్టి మన ఇంటర్మీడియట్‌కు సమానమైన దశ. విద్యార్థి సాధారణంగా మూడు విషయాలను ఎంచుకొని రెండేళ్లు చదువుతాడు. ఆంగ్లానికి సంబంధించి అక్కడ మూడు వేర్వేరు ఎ-లెవెళ్లు ఉన్నాయి: ఆంగ్ల సాహిత్యం, ఆంగ్లభాష, ఈ రెండింటినీ కలిపిన మరొకటి. మొదటిదానికి దీర్ఘచరిత్ర ఉంది. ఆంగ్లభాష మాత్రం 1980 దశకంలో రూపుదిద్దుకొన్న కొత్త విషయం. ప్రస్తుతం నాలుగు పరీక్షా సంస్థలు దీనిని నిర్వహిస్తున్నాయి. వాటిలో ఎ.క్యు.ఎ. ప్రణాళిక బోధన 2015లో ఆరంభమై, తొలి పరీక్షలు 2017లో జరిగాయి. ఈ వ్యాసం దానికే పరిమితం.

2. పేరు ఒకటి, విషయం వేరు

ఇంగ్లండు విద్యార్థి వ్యాకరణాన్ని ముందుగా ఎదుర్కొనేది ప్రాథమిక పాఠశాలలోనే. 2013 నుండి ప్రాథమిక దశ చివర, పదకొండేళ్ల ప్రాయంలో, వ్యాకరణం, విరామచిహ్నాలు, వర్ణక్రమాలపై జాతీయ పరీక్ష ఉంది. అందులో ప్రతి ప్రశ్నకూ ఒప్పు, తప్పు అనే రెండే గతులు. పదహారేళ్లకు వ్రాసే జి.సి.ఎస్.ఇ. ఆంగ్లభాషా పరీక్ష పఠనావగాహనకూ స్వీయరచనకూ పెద్దపీట వేస్తుంది. అంతకుముందటి ప్రణాళికలో ఉన్న వాగ్భాషాధ్యయనం 2015 సంస్కరణలో తొలగిపోయింది. విద్యార్థి మాట్లాడే తీరుకు విడిగా ఒక గుర్తింపు ఇస్తారు గాని, అది తుది శ్రేణిలో చేరదు.

ఇటువంటి నేపథ్యంతో ఎ-లెవెల్ తరగతిలో అడుగుపెట్టినవారికి అదే పేరుతో పూర్తిగా వేరొక శాస్త్రం ఎదురవుతుంది. నిన్నటివరకు శిరోధార్యమైన వ్యాకరణ విధులు ఇక్కడ 'నిర్దేశాత్మక వైఖరి' అనే శీర్షిక క్రింద చర్చనీయాంశాలవుతాయి. బిషప్ లౌత్ 1762లో వెలువరించిన వ్యాకరణం ఇక్కడ ప్రమాణగ్రంథం కాదు, ఒక చారిత్రక పత్రం. ఈ తలక్రిందుల మార్పును ప్రణాళిక ఎక్కడా వివరించదు. ఆ భారం ఉపాధ్యాయునిపై పడుతుంది.

దీని వెనుక విధానపరమైన సంఘర్షణ ఉంది. 1975 నాటి బుల్లక్ నివేదిక, 1988 నాటి కింగ్‌మన్ నివేదిక భాషను గురించిన జ్ఞానం పాఠశాలలో అవసరమని చెప్పాయి. అందుకోసం 1989–92 మధ్య ఉపాధ్యాయులకు శిక్షణ సామగ్రిని రూపొందించిన 'లింక్' పథకం భాషను సామాజిక సందర్భంలో చూపింది. ప్రభుత్వం ఆ సామగ్రిని ప్రచురించడానికి నిరాకరించింది. పదకొండేళ్లవారికి ఒక వ్యాకరణం, పదహారేళ్లు దాటినవారికి మరొక వ్యాకరణం అనే నేటి స్థితిని ఆ తెగని వివాదానికి కొనసాగింపుగా పరిగణించవచ్చు.

3. వాదాల పట్టిక

రెండు ప్రశ్నపత్రాలకు నలభై శాతం చొప్పున, విద్యార్థి స్వయంగా చేసే పనికి ఇరవై శాతం భారం ఉంది. మొదటి పత్రంలో వేర్వేరు కాలాలకు చెందిన రెండు పాఠాల విశ్లేషణ, శిశుభాషార్జనపై వ్యాసం ఉంటాయి. రెండవ పత్రం భాషావైవిధ్యానికీ భాషాపరిణామానికీ సంబంధించినది.

శిశుభాషాభాగం ప్రణాళికలో ఉత్తమమైన అంశం. 'గో' అనే క్రియకు 'వెంట్' అనక 'గోడ్' అనే పిల్లవాడు తప్పు చేయడం లేదనీ, భూతకాల ప్రత్యయ సూత్రాన్ని గ్రహించి దానిని మితిమీరి అన్వయిస్తున్నాడనీ విద్యార్థి తెలుసుకొంటాడు. 'వగ్' అనే లేని జంతువును కల్పించి, దానికి పిల్లలచేత బహువచనం చెప్పించిన జీన్ బెర్కో 1958 నాటి ప్రయోగం ఈ సందర్భంలో తప్పక వస్తుంది. ఇక్కడ సిద్ధాంతం, ఉదాహరణ ఒకదానినొకటి వెలిగిస్తాయి.

లింగభేదమూ భాషా అనే అంశంలో ఇదే సమన్వయం చెడుతుంది. రాబిన్ లేకాఫ్ 1975 గ్రంథం 'లోపవాదం'గా, జిమ్మర్‌మన్, వెస్ట్ పరిశోధన 'ఆధిపత్యవాదం'గా, డెబోరా టానెన్ 1990 గ్రంథం 'భేదవాదం'గా, ఆ తరువాతివారి రచనలు 'వైవిధ్యవాదం'గా తరగతి గదిలో స్థిరపడ్డాయి. ఆంగ్లంలో నాలుగూ ఒకే అక్షరంతో మొదలవడం కంఠస్థానికి సౌకర్యం. జిమ్మర్‌మన్, వెస్ట్ పరిశీలించిన పదకొండు స్త్రీ పురుష సంభాషణల్లో పురుషులు నలభై ఆరుసార్లు, స్త్రీలు రెండేసార్లు మాటకు అడ్డువచ్చారనే లెక్క సుప్రసిద్ధం. మాటకారి అయిన ఒక్క పురుషుడు చాలు, ఆ లెక్క తారుమారు కావడానికి అని జెఫ్రీ బీటీ లేవనెత్తిన ఆక్షేపమూ అంతే ప్రసిద్ధం. సిద్ధాంతంతోపాటు దాని ఖండనను కూడా వల్లించినప్పుడు విమర్శ సైతం జ్ఞాపకశక్తికి లోబడిన అంశంగా మారుతుంది. పద్యంతోపాటు ప్రతిపదార్థాన్నీ అప్పజెప్పించే మన అలవాటుకు ఇది దూరపు చుట్టం.

4. దత్తాంశంగా మాండలికం, కొలబద్దగా ప్రామాణికం

స్వయంకృషి భాగంలో విద్యార్థి రెండువేల పదాల పరిశోధన వ్యాసం సమర్పించాలి. దత్తాంశాన్ని తానే సేకరించాలి, మాటలను రికార్డు చేసినచోట వక్తల అనుమతి తీసుకోవాలి. అమ్మమ్మ కథనశైలి, ఫుట్‌బాల్ వ్యాఖ్యానం, అంగడి బేరసారాలు వంటివన్నీ ఇక్కడ పరిశోధనార్హాలే. పద్దెనిమిదేళ్లలోపు విద్యార్థి ప్రశ్నను తానే నిర్మించుకొని, దానికి సరిపోయే పద్ధతిని వెతుక్కోవడం అరుదైన అవకాశం. ప్రణాళికలో తక్కువ మార్కులు గల ఈ భాగమే దాని ఆత్మకు ఎక్కువ దగ్గరగా ఉంది.

అయితే పరీక్షా గదిలో ఒక చిక్కు ఉంది. జెన్నీ చెషైర్ రెడింగ్ పట్టణంలోని ఆటస్థలాల్లో బాలబాలికల మాటలను రికార్డు చేసి, 1982లో ప్రచురించిన అధ్యయనం తరగతి గదిలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 'వుయ్ వర్' అనవలసినచోట 'వుయ్ వజ్' అనడం అజ్ఞానం వల్ల కాదనీ, ఆయా బృందాల జీవనసంస్కృతితో ముడిపడిన క్రమబద్ధమైన వాడుక అనీ ఆమె నిరూపించారు. చెషైర్ చూపిన పిల్లలు ఈ పుస్తకం చదివే విద్యార్థికి ఇంచుమించు ఈడువారు. కాని తన ఇంటిలో 'వుయ్ వజ్' అనే విద్యార్థి ఈ విషయాన్ని పరీక్షలో 'వుయ్ వర్' అనే భాషలోనే వివరించాలి. మొదటి మూల్యాంకన లక్ష్యం పారిభాషిక పదజాలంతోపాటు పొందికైన లిఖిత వ్యక్తీకరణను కోరుతుంది. ఆచరణలో ఆ పొందికకు కొలబద్ద ప్రామాణిక ఆంగ్లమే. అన్ని మాండలికాలూ భాషాశాస్త్రదృష్టిలో సమానమని సమాధానపత్రం చెబుతుంది. ఆ మాట చెప్పే హక్కును ఒక మాండలికానికే ఇస్తుంది.

దీనిని కేవలం కపటంగా కొట్టివేయడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయంలో, ఉద్యోగంలో ప్రామాణిక భాష లేనివారికి తలుపులు మూసుకొంటాయనే వాదానికి బలముంది. ఆక్షేపించవలసింది ప్రణాళిక మౌనాన్ని. రెండవ పత్రంలో భాషను గురించిన అభిప్రాయాలు గల రెండు పాఠాలను పోల్చి, అనంతరం అదే అంశంపై స్వయంగా ఒక వ్యాసం వ్రాయమంటారు. జీన్ ఐచిసన్ 1996 రీత్ ఉపన్యాసాలలో ఎత్తిచూపిన శిథిలమవుతున్న కోట, అంటువ్యాధి వంటి రూపకాలను విద్యార్థులు ఇతరుల రచనల్లో పట్టుకోగలుగుతారు. తమ సమాధానపత్రాన్ని దిద్దే ప్రమాణాలలో ఉన్న భావజాలాన్ని ప్రశ్నించే సందర్భం మాత్రం వారికి రాదు. ఆ ప్రమాణపత్రాన్నే ఒక పాఠంగా ఇచ్చి విశ్లేషించమంటే ప్రణాళిక తన సూత్రానికి కట్టుబడినట్లవుతుంది.

5. తెలుగు సందర్భం

పై చర్చ తెలుగువారికి పరాయిది కాదు. విశాఖపట్టణం ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారిగా ఉన్న ఆంగ్లేయుడు జె.ఎ. యేట్స్, పాఠ్యపుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ గల అంతరాన్ని ప్రస్తావించి గిడుగు, గురజాడ, శ్రీనివాస అయ్యంగార్లను ఆలోచింపజేశాడు. వ్యావహారిక భాషోద్యమం ఆ విధంగా బోధనాసమస్యగానే మొదలైంది. జీవద్భాషకూ నియమాలున్నాయని గిడుగు 1913 నాటి విజ్ఞప్తిపత్రంలో వాదించారు. జయంతి రామయ్య పంతులు సాహిత్యభాషను సమర్థిస్తూ ప్రతివాదం వెలువరించారు.

ఆ ఉద్యమం విజయం సాధించినా, దాని ఫలితం రచనాభాషకే పరిమితమైంది. ఇంటర్మీడియట్ తెలుగులో పద్యభాగం, గద్యభాగం, ఉపవాచకం, సంధిసమాసాలు నేటికీ ప్రధానం. 1858 నాటి బాలవ్యాకరణ పరిభాషతో సంధి విడదీయగల విద్యార్థికి, తన ఊరి క్రియారూపాలను వర్ణించే పనిని ఎవరూ అప్పగించరు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం జిల్లాల వారీగా రైతుల మాటలను సేకరించింది. అటువంటి సేకరణ చిన్న పరిమాణంలో ఇంటర్మీడియట్ విద్యార్థికి అసాధ్యం కాదు. నాగలి భాగాల పేర్లు తాతగారి నుండి వ్రాసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు.

ఎ.క్యు.ఎ. రెండవ పత్రంలోని పోలికప్రశ్నకు తెలుగులో సరిపోయే జంట పాఠాలు కూడా సిద్ధంగానే ఉన్నాయి. గిడుగు విజ్ఞప్తిపత్రం, జయంతి ప్రతివాదం ఒకే వివాదం నుండి పుట్టినవి, ఒకే పాఠకవర్గాన్ని ఉద్దేశించినవి, రూపకాలలో పరస్పరం ఢీకొనేవి. తెలుగును గురించి సాగిన ఆ రెండు వాదాలూ ఆంగ్లంలో వెలువడ్డాయి కనుక, తరగతి గదికి తేవడానికి ముందు వాటిలోని ముఖ్యభాగాలను విద్యార్థికి అందే తెలుగులో సిద్ధం చేయవలసి ఉంటుంది.