వేలు పడలేదా? యంత్రము పట్టలేదా?

ఉద్దానపు తోటల జీడిపిక్కలు పలాస కర్మాగారములకు చేరును. వాటిని పగులగొట్టి పప్పు తీయువారిలో ఎక్కువమంది స్త్రీలు. పిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అను పదార్థములు ఉన్నవి. ఇవి చర్మమును పొక్కించును. ఏండ్ల తరబడి ఈ పని చేసిన వేళ్ళ మీద గీతలు చెరిగిపోవుటలో వింత లేదు.

2015లో ఆంధ్ర ప్రదేశ్ చౌక ధరల దుకాణములకు ఈ-పాస్ యంత్రములు వచ్చినవి. బియ్యము కొలుచుటకు ముందు అవి వేలిముద్రను ఆధార్ కేంద్రములోని కంప్యూటర్లకు పంపును. అక్కడ గీతలు ఆగిన చోట్లను, రెండుగా చీలిన చోట్లను పాత నమూనాతో పోల్చి ఒక మార్కు వేయుదురు. మార్కు హద్దు దాటిన ‘ఔను’, లేనిచో ‘కాదు’. హద్దు పెంచిన అసలు మనిషినే కాదనును. తగ్గించిన పరాయివానిని కూడ ఔననును. (పరీక్షలో 34 మార్కులు వచ్చినవాడు ఏమియు తెలియనివాడు కాదు గదా!) ఒకే వేలిని సిరాతో పదిసార్లు అద్ది చూచిన, ఏ రెండు ముద్రలును అచ్చముగా ఒకటి కావని విద్యార్థులకే తెలియును.

కనుక లోపము లెక్కలో కంటె దానిని చెప్పు తీరులో ఎక్కువ ఉన్నది. ‘ముద్ర సరిపోలలేదు’ అనుటకు ఆధార్ సంకేతము 300. వేలు తడిసినను, అద్దము మీద మట్టి ఉన్నను, గీతలు అరిగినను, మనిషే వేరైనను అదే అంకె రావచ్చును. జనము నోట ఇది ‘వేలు పడలేదు’ అయినది. యంత్రము పట్టలేదని ఎవరును అనరు! తప్పు తన వేలిదే అనుకొని ఆమె కొంగుతో తుడిచి మరల పెట్టును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానములో కరెంటు, ఫోను సంబంధములు తెగినవి. అట్టివేళ ఈ యంత్రము ఎవరి వేలిని గుర్తింపజాలదు. లోపము తమది కాదని అందరికిని తెలియును. ఎండ కాయు మామూలు రోజుననే తెలియదు.

2016-17 ఆర్థిక సర్వే పేర్కొన్న అంచనాలలో ఈ విఫలత కృష్ణా జిల్లాలో 5 శాతము, జార్ఖండ్‌లో 49 శాతము. 5 చిన్న అంకెయే, కాని అది అందరికిని సమముగా పంచబడదు. అరిగిన చేతులవారికే మరల మరల వచ్చును.

వేలు కుదరనివారి కొరకు గ్రామ రెవెన్యూ అధికారి తన ముద్రతో పూచీపడు ఏర్పాటు రాష్ట్రములో చేసిరి. కనుపాపను పోల్చు పద్ధతియు ఉన్నది. మెచ్చదగినవే. అయితే 300 అను అంకె ఆ దారులను చూపదు. ‘గీతలు అందలేదమ్మా, ఇంకొక వేలు పెట్టండి, లేకున్న కన్ను చూపండి’ అని చెప్పు యంత్రమును చేయుటకు కొత్త శాస్త్రమేమియు అక్కరలేదు.