భూమికొలఁతయు దోషపుఁగొలఁతయు

చీనా రచయిత్రి డింగ్ లింగ్ 1946లో భూసంస్కరణ బృందముతోఁ బల్లెలకుఁ బోయి, 1948లో ‘సాంగ్‌గాన్ నదిపై సూర్యుఁడు’ అను నవలను వెలువరించెను. ఇందు రైతుసంఘమునకు లక్ష్యమైన ఛియన్ వెన్‌గుయ్ పొలములను కొడుకుల పేర వ్రాసి సామాన్యునివలెఁ గనఁబడును. ఊరు వణఁకునది వాని కుతంత్రమునకే గాని వాని మడులకుఁ గాదు. చెమటోడ్చి భూమి కూర్చిన గు యోంగ్ మాత్రము ధనికుల పట్టిక కెక్కుదునేమో యని బెదరును. భూమికొలఁత దోషమునకుఁ గొలఁత కాదని యిట్లు చూపుటయే యీ గ్రంథమునకుఁ బ్రాణమని మా తలంపు. కాని తుదిసభలో జనము వెన్‌గుయ్‌ని మోఁదునప్పుడు రచయిత్రి క్రోధమునే న్యాయమని నమ్మించును, ఇది లోపము. 1957లో ఆమెయే సభలలో దూషింపఁబడి, 1958లో ఈశాన్యసీమకు వెడలవలసివచ్చెను. రైతులకుఁ బంచిన పొలములును ఆ యేఁటనే కమ్యూనులలోఁ గలిసెను. సంస్కరణము కోరువారెల్లరు దీనిఁ జదివి, క్రోధమునకును న్యాయమునకును గల యెడము నెఱుఁగవలెను.