అధికారాన్ని నిరాకరించిన బృందం, అభిమానుల తీర్పు: క్రాస్ డాక్యుమెంటరీపై ఒక పరిశీలన

తెలుగు వాడుకలో అరాజకమంటే అల్లకల్లోలం. పెత్తనాన్ని సూత్రప్రాయంగా నిరాకరించే రాజకీయ తత్త్వం అన్న పారిభాషికార్థం పాఠ్యగ్రంథాలకే పరిమితమైంది. ఇంగ్లండులో పంక్ సంగీతం తలెత్తిన తొలి రోజుల్లో కూడా పరిస్థితి దాదాపు ఇదే. 1976లో సెక్స్ పిస్టల్స్ ఆ మాటను పాటలోకి తెచ్చి ప్రచారం కల్పించారు. దానిని జీవనవిధానంగా ఆచరించి చూపే బాధ్యతను తలకెత్తుకున్నది మాత్రం క్రాస్ బృందం. 1977లో పెన్నీ రింబో, స్టీవ్ ఇగ్నరంట్ కలిసి ప్రారంభించిన ఈ బృందానికి ఎసెక్స్‌లోని డయల్ హౌస్ అనే పాత ఇల్లు కేంద్రమైంది. డచ్ దర్శకుడు అలెగ్జాండర్ ఊయ్ 2006లో ఈ బృందంపై రూపొందించిన డాక్యుమెంటరీ ‘దేర్ ఈజ్ నో అథారిటీ బట్ యువర్‌సెల్ఫ్’. ఎవరికి వారే తప్ప వేరే అధికారం లేదన్నది ఆ శీర్షిక తాత్పర్యం. బృందం 1983లో వెలువరించిన ‘యెస్ సర్, ఐ విల్’ ఆల్బమ్ ముగింపు మాటలే దీనికి ఆధారం.

ఈ చిత్రాన్ని చర్చించే అభిమానులు ఒక విచిత్రమైన ఇరకాటంలో పడతారు. అధికారం లేదని చెప్పే చిత్రానికి ప్రామాణికత కట్టబెట్టవచ్చునా? కట్టబెట్టకపోతే, తాము ఆరాధించే బృందం గురించి తమకు తెలిసిన దానికి ఆధారమేమిటి? అభిమానుల వాదవివాదాలు పైకి పాటల ఎంపిక గురించో, నిడివి గురించో సాగుతున్నట్టు కనిపించినా, లోపల పనిచేస్తున్నది ఈ ప్రశ్నే.

అన్నిటికంటే తరచుగా వినిపించే ఫిర్యాదు మరుగుదొడ్డి గురించి. చిత్రంలో పాత కచేరీల దృశ్యాలతో పాటు, 2006 వసంతంలో డయల్ హౌస్‌లో జరిగిన పర్మాకల్చర్ శిక్షణ, కంపోస్ట్ మరుగుదొడ్డి నిర్మాణ శిబిరం, హాక్నీలోని వోర్టెక్స్ జాజ్ క్లబ్బులో రింబో ‘లాస్ట్ అమెండ్‌మెంట్’ బృందంతో ఇచ్చిన ప్రదర్శన కనిపిస్తాయి. పంక్ చరిత్ర కోసం వచ్చిన ప్రేక్షకుడికి ఎరువు తయారీ చూపించడమేమిటన్నది ఒక వర్గం వాదన. ఈ వాదన నిలవదు. క్రాస్ రాజకీయాలు మొదటినుంచీ నినాదాల్లో కంటే వస్తువుల తయారీలోనే స్పష్టంగా కనిపిస్తాయి. రికార్డు అట్టమీదే గరిష్ఠ ధర ముద్రించి దుకాణదారుడు అంతకు మించి వసూలు చేయకుండా కట్టడి చేయడం, సొంత సంస్థ ద్వారా రికార్డులు విడుదల చేయడం, విప్పితే గోడపత్రికగా మారే అట్టలను జీ వాచర్ చిత్రాలతో రూపొందించడం ఇందుకు నిదర్శనాలు. తమ వ్యర్థాన్ని తామే ఎరువుగా మార్చుకునే ఏర్పాటు ఈ వరుసలోనిదే. దానిని పక్కదారి అనడం, పాటను మాత్రమే కళగా గుర్తించే పాత అలవాటు. పంక్ కాదనదలచుకున్నది ఆ అలవాటునే.

అయితే ఆ దృశ్యాల ప్రశాంతతపై వచ్చే ఆక్షేపణను అంత తేలికగా కొట్టిపారేయలేము. 1982 ఫాక్లండ్ యుద్ధానంతరం మార్గరెట్ థాచర్‌ను నిలదీస్తూ ఈ బృందం విడుదల చేసిన పాటపై చర్య తీసుకోవాలని కన్సర్వేటివ్ ఎంపీ టిమ్ ఎగ్గర్ కోరారు. అంతటి ఆగ్రహం తోట పనిలో పరిణతి చెందినట్టు ఒక కథ అల్లుకుంటే, ఆ ఆగ్రహం యౌవనపు ఉద్రేకంగా కుదించుకుపోతుంది. జీవితచరిత్రాత్మక డాక్యుమెంటరీలన్నిటికీ ఉన్న జబ్బు ఇది. వృద్ధాప్యపు ముఖాన్ని చూపగానే గతమంతా దానికి దారితీసిన మెట్లలా అమరిపోతుంది.

ఇంతకంటే గంభీరమైనది ప్రాతినిధ్య సమస్య. చిత్రంలో ప్రధానంగా మాట్లాడేది రింబో, ఇగ్నరంట్, వాచర్. క్రాస్ ముగ్గురి బృందం కాదు. ఈవ్ లిబర్టీన్, జాయ్ డి వివ్రే, పీట్ రైట్, ఫిల్ ఫ్రీ, ఎన్. ఎ. పామర్, సినిమాలు తీసిన మిక్ డఫీల్డ్ అందులో భాగస్వాములు. వేదికపై అందరూ నల్లదుస్తులు ధరించడం వెనుక, ఏ ఒక్కరూ నాయకుడిగా కనిపించకూడదన్న ఉద్దేశం ఉంది. మాట్లాడటానికి సిద్ధపడిన వారితోనే దర్శకుడు చిత్రం తీయగలడన్న సమాధానం సబబే. కానీ ఫలితం మారదు: నాయకులు లేని బృందానికి చిత్రం ప్రతినిధులను సమకూర్చింది. దీనివల్ల ఎక్కువగా మరుగున పడేది 1981 నాటి ‘పీనిస్ ఎన్వీ’ ఆల్బమ్ గానం. అందులో గొంతులన్నీ స్త్రీలవే, లిబర్టీన్, డి వివ్రేలవి. పెళ్ళి, ప్రేమ, స్త్రీదేహం మీది మార్కెట్టు పెత్తనాన్ని ఆ పాటలు ప్రశ్నిస్తాయి. చివరి పాటను ‘క్రియేటివ్ రికార్డింగ్ అండ్ సౌండ్ సర్వీసెస్’ అనే మారుపేరుతో ‘లవింగ్’ అనే శృంగారకథల పత్రికకు పెళ్ళిపాటగా అంటగట్టిన చమత్కారం ప్రసిద్ధం. ఆ పొడి అక్షరాలు కలిపితే వచ్చే పేరును పత్రికవారు గమనించలేదు. ఈ చమత్కారాన్ని ముచ్చటగా చెప్పుకునే అభిమానులు, ఆ పాట పాడిన గొంతు గురించి ఏమీ అనకపోవడం వింతే.

మౌనాన్ని చదవడం క్రాస్ శ్రోతలకు కొత్త కాదు. 1978లో ‘ది ఫీడింగ్ ఆఫ్ ది ఫైవ్ థౌజండ్’ తొలి రచన దైవదూషణగా ఉందని ఐర్లండులోని రికార్డు ముద్రణశాల కార్మికులు నిరాకరించినప్పుడు, బృందం ఆ చోటును నిశ్శబ్దంతో నింపి ‘ది సౌండ్ ఆఫ్ ఫ్రీ స్పీచ్’ అని పేరు పెట్టింది. తీసివేయబడినదేదో శ్రోతకు తెలియాలన్నది దాని ఉద్దేశం. అదే విధంగా థాచర్, రీగన్ ప్రసంగాల ముక్కలను కత్తిరించి అతికించి వారిద్దరి మధ్య లేని సంభాషణను సృష్టించిన టేపు 1983లో బయటికి వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ దానిని సోవియట్ కుట్రగా అనుమానించింది. అది క్రాస్ పని అని 1984 జనవరిలో ‘ది అబ్జర్వర్’ బయటపెట్టింది. కూర్పు ద్వారా ఎవరి నోట ఏ మాటనైనా పలికించవచ్చునని ఇంతగా నిరూపించిన బృందాన్ని అభిమానించేవారు, అదే బృందం గురించిన చిత్రంలోని కూర్పును మాత్రం అనుమానించకుండా స్వీకరించడం అసంగతం. చర్చల్లో ఈ మాట ఎత్తినవారికి ‘మీకు బృందంపై అభిమానం లేదు’ అన్న సమాధానం ఎదురైతే, అక్కడ అభిమానం పెత్తనంగా మారిందని గుర్తించాలి.

తెలుగులో ‘అభిమాని’ అన్న మాటకు సినిమా తారల సంఘాల వాసన అంటుకుంది. సంస్కృత కావ్యశాస్త్రంలోని ‘సహృదయుడు’ వేరు. కవి హృదయంతో సమానమైన హృదయం గలవాడన్నది ఆ మాట అర్థం. సమానత్వం అందులోనే ఉంది. క్రాస్ కోరుకున్న శ్రోత ఇతడికి దగ్గరివాడు. వారు 1980 నుంచి వెలువరించిన ‘బుల్‌షిట్ డిటెక్టర్’ సంకలనాల్లో అపరిచిత బృందాల పాటలకు చోటు ఇచ్చారు. విన్నవాడు రేపు పాడేవాడు కావచ్చునన్న నమ్మకం అది.

ముగింపు విషయంలోనూ ఇదే చిక్కు. బృందం రికార్డుల సంఖ్యలు 621984, 521984 అంటూ ఆర్వెల్ సంవత్సరం వైపు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. 1984 జూలైలో వేల్స్‌లోని అబెర్‌డేర్‌లో సమ్మె చేస్తున్న గని కార్మికుల కోసం ఇచ్చిన కచేరీ చివరిదైంది. అభిమానుల కథనంలో ఇది ముందే రాసిపెట్టుకున్న మహాభినిష్క్రమణం. వాస్తవంలో అలసట, కేసులు, పామర్ నిష్క్రమణ కలిసి బృందాన్ని విడదీశాయి. ముందస్తు ప్రణాళిక అన్న నమ్మకం బలంగా ఉన్నవారే, 2007 నవంబరులో ఇగ్నరంట్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో పాత పాటలు పాడినప్పుడు ద్రోహమని ఎక్కువగా నొచ్చుకున్నారు. డాగెన్‌హామ్ కార్మిక కుటుంబం నుంచి వచ్చిన గాయకుడు తన పాటలు తాను పాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న వారికి తట్టలేదు. అనుమతినిచ్చే పీఠం ఒకటి ఉన్నట్టు, అందులో తామే కూర్చున్నట్టు వారు మాట్లాడారు.

‘పీనిస్ ఎన్వీ’ అట్టమీద పాల్గొన్నవారి పేర్లతో పాటు, ఇగ్నరంట్ ఈ రికార్డులో లేడని కూడా ముద్రించారు. హాజరైనవారినే కాక, హాజరు కానివారినీ లెక్కలో చూపే పద్ధతి అది. ఊయ్ చిత్రాన్ని తరగతిలో చూపించే అధ్యాపకుడు దానికి ముందు అటువంటి జాబితా ఒకటి నల్లబల్లపై రాయవచ్చు: లిబర్టీన్, డి వివ్రే, రైట్, ఫ్రీ, పామర్, డఫీల్డ్.