టోపీ ఎవరిది? గీత ఎవరిది?

రజాకార్ల పాఠం వచ్చిన రోజు క్లాసులో తలలన్నీ ఎటు తిరుగుతాయో మాకు తెలుసు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అవి మా పిల్లవాడి వైపే తిరుగుతాయి. వాడి తాత దూదేకి బతికాడా, బొంబాయికి వలసపోయి మట్టి మోశాడా ఎవరూ అడగరు. పాఠంలోని టోపీ తెచ్చి వాడి నెత్తిన పెడతారు. ఆ పాఠం పక్కన గడ్డం, టోపీ, కత్తి ఉన్న బొమ్మ వేసి, పరీక్షలో 'ఈ కార్టూన్‌ను వ్యాఖ్యానించండి' అని అడిగితే వాడేం రాయాలి? తన మీద తానే సాక్ష్యం రాయాలా?

కార్టూన్లు పరీక్షలోకి రాకూడదని మేము అనడం లేదు. సూర్యాపేట నుంచి వచ్చిన శేఖర్ లాంటి కార్టూనిస్టును కన్న నేల ఇది. గీత బలం మాకు తెలుసు. బొమ్మను చదవడం నేర్పకుండా బొమ్మ మీద మార్కులు పెట్టడాన్నే మేము ప్రశ్నిస్తున్నాం.

2006లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన పదకొండో తరగతి రాజ్యాంగం పుస్తకంలో శంకర్ 1949లో గీసిన కార్టూన్ ఒకటి ఉండేది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కూర్చుని ఉంటాడు. వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటాడు. చుట్టూ జనం చూస్తుంటారు. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్నది ఆనాటి విసురు. ఎందుకు అంత కాలం పట్టిందో ఆలోచించమని పుస్తకం పిల్లలను అడిగింది. అడగదగ్గ ప్రశ్నే. 1946 డిసెంబరులో మొదలైన రాజ్యాంగ సభ 1949 నవంబరు దాకా వాదించి, సవరించి, ఒప్పించి పని చేసింది.

కానీ 2012 మే నెలలో ఆ బొమ్మ పార్లమెంటును కుదిపేసింది. ఆ కొరడా దెబ్బ నత్త మీద కాదు, తమ వీపు మీద పడిందని దళితులు అన్నారు. పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. గీసినవాడి ఉద్దేశం ఒకటి, పుస్తకంలో పెట్టినవాళ్ల ఉద్దేశం ఇంకొకటి, బెంచీ మీద కూర్చుని చూసే పిల్లవాడి బతుకు మరొకటి. ఈ మూడూ వేరని ఆ గొడవ చెప్పింది. చదవడం నేర్పాలంటే ఈ మూడింటినీ విడదీసి చూపాలి.

కార్టూన్ సాక్ష్యమే. అయితే దేనికి సాక్ష్యం? జరిగినదానికి కాదు, జరిగినదాన్ని ఒకరు ఎలా చూశారన్నదానికి. అందుకని మా పిల్లలకు మేము చెప్పేదిది. ముందు ఏ ఏడు, ఏ పత్రిక, ఎవరి చేతి గీత అన్నది చూడండి. మనుషులను దేనితో గుర్తుపట్టించాడో చూడండి: టోపీతోనా, ముక్కుతోనా, పేరు రాసిన చీటీతోనా? ఎవరిని పెద్దగా గీశాడు, ఎవరిని చీమంత చేశాడు? పాఠంలో తెలిసిన ఏ సంగతి దీనికి కలుస్తుంది, ఏది కలవదు? చివరగా, బొమ్మలో లేనివాళ్లెవరు? జవాబులో 'కార్టూనిస్టు ఇలా అంటున్నాడు' అన్న వాక్యం వేరుగా, 'నేను ఇలా అనుకుంటున్నాను' అన్న వాక్యం వేరుగా రాయండి. రెండింటినీ కలిపితే ఆయన మాట మీ మాటై కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ టోపీ, కత్తి బొమ్మను ఇలాగే చదువుదాం. గుండ్రాంపల్లి, బైరాన్‌పల్లి నెత్తురును మేము దాచం. రజాకార్ల అఘాయిత్యం నిజం. అది రాయాల్సిందే. ఆ తర్వాత బొమ్మలో లేనివాళ్లను పిలవాలి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హత్యకు గురైన షేక్ బందగీ ఎక్కడ? రజాకార్లను ఖండిస్తూ రాసి 1948 ఆగస్టులో నరికివేతకు బలైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎక్కడ? హుజూర్‌నగర్ జనం 1952లో అసెంబ్లీకి పంపిన మఖ్దూం ఎక్కడ? పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఎక్కడ? నెహ్రూ ప్రభుత్వం పంపిన కమిటీయే అది. అయినా దాని నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. వీళ్లంతా లేకుండా ఒక్క టోపీని గీస్తే, టోపీ పెట్టుకున్న ప్రతివాడూ రజాకారే అవుతాడు.

సెప్టెంబరు 17కు ప్రభుత్వాలే ఒక్క పేరు మీద నిలబడలేదు. 2022లో రాష్ట్రం సమైక్యతా దినమంది, కేంద్రం విమోచన దినమంది. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినమంది. పెద్దలకే ఇన్ని జవాబులున్న ప్రశ్నకు పదిహేనేళ్ల పిల్లవాడు ఒక్క జవాబే రాయాలంటే ఎలా?

పేపరు దిద్దే సార్లకు ఒక మాట. 'ఈ బొమ్మలో మా తాత లేడు' అని మా పిల్లవాడు కారణాలతో రాస్తే దాన్ని తప్పని కొట్టేయకండి. బొమ్మను బాగా చదివినవాడు వాడే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మోసే ఊళ్లో ఉంటూ, ఆ పేరు ఉచ్చరించేటప్పుడు గొంతు తగ్గించుకునే పిల్లలు మాకొద్దు. బొమ్మ ముందు నిలబడి, ఇది ఎవరు గీశారు సార్ అని అడిగే పిల్లలు కావాలి.