శఠగోపంలోని ఆళ్వారు

వైష్ణవాలయాల్లో దర్శనం అయ్యాక తీర్థం పుచ్చుకుని ఇంకాసేపు అక్కడే ఆగుతాం. అర్చకస్వామి కిరీటంలాంటి ఒక పాత్రను తెచ్చి తలమీద పెడతారు. లోపల గుల్ల, బయట గంట ఆకారం, పైన స్వామివారి రెండు పాదుకలు. తలవంచి, చేత్తో నోరు మూసుకుని నిలబడితే ఆ పాదాలు మన నెత్తిని తాకినట్టు. పాత గుళ్లలో ఆ పాదుకల అంచులు చేతులు తగిలి తగిలి, చింతపండుతో తోమి తోమి నున్నగా అరిగిపోయి ఉంటాయి. గుళ్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. మూలవిరాట్టును దూరం నుంచి చూస్తాం. ఆయన పాదం మాత్రం మనదాకా వస్తుంది. 2020లో కరోనా వల్ల తిరుమలతో సహా ఎన్నో ఆలయాల్లో తీర్థం, శఠగోపం ఆపేశారు. దర్శనమైనా ఏదో వెలితిగానే ఉండేది.

ఆ పేరు ఎక్కడిదని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. గోపం అంటే గోప్యమట. మనసులోని కోరికను రహస్యంగా దేవుడికి విన్నవించుకునే వేళ కాబట్టి శఠగోపమట. వినడానికి బాగానే ఉంది గానీ నిజం కాదు. దీనికున్న రెండో పేరు చూస్తేనే తెలిసిపోతుంది. శఠారి, అంటే శఠానికి శత్రువు. అసలు మాట శఠకోపం, శఠం మీద కోపం. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. రెండు అచ్చుల నడుమ వస్తే గ అని పలుకుతారు. అలా అక్కడి ‘సడగోపన్’ ఇక్కడికొచ్చి గోపమైంది.

అది ఒక మనిషి పేరు. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు. తమిళనాట తామ్రపర్ణి ఒడ్డున కురుగూరులో, అంటే ఇప్పటి ఆళ్వార్ తిరునగరిలో, సేద్యం చేసుకునే వేళాళుల వంశంలో పుట్టారు. 8, 9 శతాబ్దాల నాటివారని చరిత్రకారుల మాట. బిడ్డ పుట్టగానే శఠమనే వాయువు కమ్ముకుని తెలివిని కప్పేస్తుందని, అందుకే పసివాళ్లు ఏడుస్తారని పెద్దలు చెబుతారు. ఈ బిడ్డ ఏడవలేదు. ఆ వాయువు మీద కోపగించి తరిమేశాడు. అందుకే శఠకోపుడు. నోరు విప్పకుండా ఒక చింతచెట్టు కింద పదహారేళ్లు కూర్చున్నారనీ, తర్వాత ఆయన శిష్యుడైన మధురకవి వచ్చి ప్రశ్న అడిగాకే మొదటిసారి పలికారనీ సంప్రదాయం. అలా పలికినవి నాలుగు ప్రబంధాలు. వాటిలో తిరువాయ్‌మొళిలో 1,102 పాశురాలు, అంటే పద్యాలు, ఉన్నాయి. పదేసి పాశురాలు ముగిసే చోట ‘కురుగూరు శఠకోపన్’ అని తన పేరు చెప్పుకుంటారు.

ఆయన అడిగిందల్లా స్వామి పాదాలే. అందుకని ఆ పాదాలే ఆయన అన్నారు శ్రీవైష్ణవులు. పాదుకలకు ఆయన పేరు పెట్టుకున్నారు. శ్రీరంగంలో అధ్యయనోత్సవం చివర నమ్మాళ్వారు విగ్రహాన్ని స్వామి పాదాల దగ్గర చేర్చి తులసితో కప్పేస్తారు. వేదాంత దేశికులు రంగనాథుడి పాదుకల మీద 1,008 శ్లోకాల పాదుకాసహస్రం రాస్తూ పాదుకనూ శఠకోపులనూ కలిపే కొలిచారు. వేదవేదాంగాలు చదివిన ఆచార్యులు ఒక సేద్యగాళ్ల ఇంటి కవి పేరును నెత్తిన పెట్టుకున్నారు. నాకు ఇంతకంటే పెద్ద మాట ఈ సంప్రదాయంలో మరొకటి కనిపించదు.

మరి ఆళ్వార్ తిరునగరిలో, ఆయన సొంత సన్నిధిలో భక్తుల తలమీద పెట్టేదాన్ని ఏమంటారు? శ్రీరామానుజం. ఆళ్వారుకు పాదాలు తర్వాతి కాలపు ఆచార్యులైన రామానుజులు. రామానుజుల సన్నిధిలోనైతే ముదలియాండాన్, అంటే ఆయన శిష్యుడు. దేవుడి దగ్గర భక్తుడి పేరు, భక్తుడి దగ్గర ఆ తర్వాతి భక్తుడి పేరు.

తెలుగునాట ఈ పేరు చెడకుండా నిలిచిన చోటు అహోబిల మఠం. పీఠాన్ని స్థాపించినవారు ఆదివణ్ శఠకోప యతి. ఆ తర్వాత పీఠమెక్కిన ప్రతి జీయరు బిరుదులోనూ శఠకోప శబ్దం ఉంది. అన్నమయ్య ఆ యతి దగ్గరే వేదాంతం చదువుకున్నారని మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది.

అలాంటి పేరును వాడుకలో మోసానికి పర్యాయపదం చేసేశాం. చిట్టీల వ్యాపారి పారిపోతే ‘శఠగోపం పెట్టాడు’ అంటాం. ‘డిపాజిటర్లకు శఠగోపం’ అని పత్రికలు శీర్షికలు పెడతాయి. శఠుడంటే మోసగాడన్న అర్థం ఉండటం, టోపీ పెట్టడం అనే మాట పక్కనే ఉండటం దీనికి కారణాలై ఉంటాయని నా ఊహ. కారణం ఏదైనా ఇది నాకు బాధగా ఉంటుంది. దగా ఉంది, టోకరా ఉంది, కుచ్చుటోపీ ఉంది. మాటలకేం కరువు? నా రాతల్లో ఆ అర్థంలో శఠగోపాన్ని వాడను. తోటి పాత్రికేయులనూ అదే కోరుతున్నాను.

దేవస్థానాల వారికి కూడా ఒక మనవి. క్యూలైన్ల పక్కన సేవా టికెట్ల ధరలు, విరాళాల వివరాలు పెద్ద అక్షరాలతో రాయిస్తున్నారు. అక్కడే శఠకోపం నమ్మాళ్వారి పేరని, ఆయన ఎవరో నాలుగు వాక్యాలు రాయించండి. అర్చకస్వాములూ, ఏ పిల్లాడైనా తలెత్తి ఇదేమిటని అడిగితే గోప్యం కథ వద్దు, కురుగూరు బిడ్డ కథ చెప్పండి.