ఉప్పు తగ్గినా రుచి తగ్గని వంట: సౌదీలో తెలుగు వంటిల్లు

తెలుగువాళ్లం అన్నం ఉప్పు లేకుండానే వండుకుంటాం. ఎసరు మరిగి, బియ్యం ఉడికి, గంజి వార్చి, కంచంలోకి వచ్చేదాకా అందులో చిటికెడు ఉప్పు పడదు. రాయలసీమలో చాలా ఇళ్లలో రాగి సంగటికీ అంతే, తెలంగాణలో జొన్నరొట్టెకూ అంతే. ఉప్పూ పులుపూ కారమూ పక్కనున్న పప్పులోంచో, పులుసులోంచో, పచ్చడిలోంచో ముద్దకు అందుతాయి. సౌదీ అరేబియాలో కబ్సా తిన్నవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. కబ్సాలో మాంసం ఉడికిన ఉప్పు నీళ్లలోనే బియ్యమూ ఉడుకుతుంది, ప్రతి మెతుకూ ఉప్పు పీలుస్తుంది. మన బిర్యానీ ఎసట్లోనూ జరిగేది అదే. కాబట్టి రక్తపోటు చూసి డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పుడు, ఇక బతుకంతా చప్పిడి కూడేనని తెలుగువాళ్లు దిగులుపడనక్కర్లేదు. సగం పని మన పెద్దవాళ్లు అన్నం కుండ దగ్గరే చేసిపెట్టారు.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే హద్దు ఉంది. ఐదు గ్రాములంటే సమానంగా కొలిచిన టీస్పూను కంటే కాస్త తక్కువ. ప్రపంచంలో సగటు మనిషి తింటున్నది దీనికి రెట్టింపు పైమాటే. సౌదీ బజారులో కొనే చాలా పొట్లాల మీద ఉప్పు బదులు సోడియం అని మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పన్నమాట.

ఈ విషయంలో సౌదీ ప్రభుత్వం గట్టిగానే పనిచేస్తోంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సోడియంపై నివేదిక ఇచ్చినప్పుడు, ఉప్పు తగ్గించడానికి సమగ్రమైన విధానాలున్న దేశాలు తొమ్మిదే లెక్కకు వచ్చాయి. వాటిలో సౌదీ ఒకటి. అక్కడ వంద గ్రాముల రొట్టెలో ఒక గ్రాముకు మించి ఉప్పు ఉండకూడదు. 2025 జులై 1 నుంచి హోటళ్ల మెనూల్లో ఉప్పు ఎక్కువున్న వంటకం పక్కన ఉప్పుడబ్బా గుర్తు వెయ్యాలన్న నిబంధన కూడా వచ్చింది. రియాద్ బత్హాలోనో, జెడ్డా షరఫియాలోనో హోటల్లో కూర్చున్న మనవాళ్లు ధరతో పాటు ఈ గుర్తునూ చూడటం అలవాటు చేసుకుంటే మంచిది.

అయితే హోటల్లో పడే ఉప్పు కంటే రూముల్లో పడే ఉప్పు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, రాయచోటి, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది క్యాంపుల్లోనూ రూముల్లోనూ నలుగురైదుగురు కలిసి ఉంటారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, వంతులవారీగా పొయ్యి దగ్గరికి వస్తారు. అలసిన మనిషి తేలికైన దారి వెతుక్కోవడం సహజం. చికెన్‌లో రెండు స్టాక్ క్యూబులు, లేదంటే నూడుల్స్ పొట్లం, డబ్బా చేప, ఖుబూజ్ రొట్టె, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. స్టాక్ క్యూబులో ఇంచుమించు సగం ఉప్పే. అది వేశాక కూడా చెయ్యి అలవాటు కొద్దీ ఉప్పుడబ్బా మీదికి పోతుంది. క్యూబు వేసిన రోజు విడిగా ఉప్పు వెయ్యకపోవడం, వీలైతే క్యూబునే మానెయ్యడం రూము వంటలో వెయ్యాల్సిన తొలి అడుగు. డబ్బా శనగలు వాడేవాళ్లు ఆ నీళ్లు పారబోసి, గింజల్ని బాగా కడిగితే ఉప్పు కొంతవరకు పోతుంది.

ఆవకాయ దగ్గర మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమానంగా పడే పచ్చడి అది. అందులో ఉప్పు నాలుక కోసం పడదు, ఏడాదిపాటు పాడవకుండా ఉండటానికి పడుతుంది. తగ్గిస్తే బూజు పడుతుంది. మాగాయ, గోంగూర నిల్వ పచ్చడి, చల్ల మిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పు చేపలు అన్నిటికీ ఇదే లెక్క. వీటిలో ఉప్పు తగ్గించే ప్రయత్నం వృథా, తినే మోతాదు తగ్గించుకోవడమే దారి. రోజూ తినడానికి మన దగ్గర రోటి పచ్చడి ఉంది. దాన్ని ఏ పూటకాపూట నూరుకుంటాం, నిల్వ బెడద లేదు, అందుకని నాలుక కోరినంత ఉప్పే చాలు. కాల్చిన వంకాయ, మగ్గిన టమాటా, దోసకాయ ముక్కలు, పచ్చి కొబ్బరి, కొత్తిమీర, ఏది దొరికితే అది. రూములో రోలు ఉండదు గానీ మిక్సీ ఉంటుంది. పచ్చిమిరపకాయల్ని నూనెలో మగ్గించే బదులు మంట మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి నూరండి. ఆ కాలిన వాసన కొంత ఉప్పు పని చేసిపెడుతుంది.

ఉప్పు లోటును అన్నిటికంటే బాగా కప్పేది పులుపు. తెలంగాణ పచ్చిపులుసే దీనికి పెద్ద ఉదాహరణ. పొయ్యి మీద మరిగించే పనిలేదు. చింతపండు రసంలో కాల్చి నలిపిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించి కొట్టిన నువ్వుల పొడి, పైన జీలకర్ర పోపు. పులుపూ కారమూ ఉల్లి ఘాటూ నువ్వుల కమ్మదనమూ ఒక్కసారే తగులుతుంటే ఉప్పు సగానికి తగ్గినా నాలుక పట్టించుకోదు. ఉప్పు మాత్రం అన్నీ కలిపాక చివర వెయ్యాలి, రుచి చూసి వెయ్యాలి.

పులుపు విషయంలో సౌదీ బజారు మనకు తీసిపోదు. అక్కడ లూమీ అని నల్లగా ఎండిన నిమ్మకాయ దొరుకుతుంది, కబ్సాలో వేస్తారు. దాన్ని చీల్చి, చేదెక్కించే గింజలు తీసేసి, కందిపప్పు ఉడికేటప్పుడు వేసి చూడండి. నిమ్మ పులుపుతో పాటు కాస్త పొగవాసన లాంటిది పప్పుకు పడుతుంది. మామిడికాయ దొరకని నెలల్లో ఈ పప్పు ఎంతో బాగుంటుంది. సుమాక్ పొడి ఎర్రగా, పుల్లగా ఉంటుంది. బెండకాయ వేపుడు దించాక పైన చల్లుకోవచ్చు, పచ్చి ఉల్లిపాయల్లో కలుపుకోవచ్చు. కొన్ని పొట్లాల్లో సుమాక్‌తో ఉప్పు కలిసి ఉంటుంది. జాతర్ అనే మసాలా మిశ్రమంలోనైతే ఉప్పు మామూలే. అందుకని వెనక వివరాలు చదివి కొనాలి.

నాకు ఎక్కువ ముచ్చట కలిగించేది కర్కదే. హిజాజ్ ప్రాంతంలో ఎండబెట్టిన ఎర్రటి పూరేకుల్లా దుకాణాల్లో కనబడేది, జనం షర్బత్ చేసుకునేది మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల రక్షక పత్రాలే. మన పల్లెల్లో గోంగూర పూలతో పచ్చడి చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. గుప్పెడు కర్కదే వేడినీళ్లలో నానబెట్టి, కాల్చిన పచ్చిమిర్చి, వెల్లుల్లితో నూరి, ఇంగువ పోపు పెడితే, గోంగూర కట్ట కోసం బత్హా దాకా పోలేని రోజున అన్నంలోకి మంచి పచ్చడి. పులుపు బలంగా ఉంటుంది, ఉప్పు చిటికెడు చాలు.

ఉప్పు ఎంత అన్నదాంతో పాటు ఎప్పుడు అన్నదీ చూసుకోవాలి. తోటకూర గిన్నె నిండా ఉన్నప్పుడు ఉప్పు వేస్తే కన్ను మోసపోతుంది. మగ్గి గుప్పెడయ్యాక ఆ ఉప్పు రెట్టింపు అనిపిస్తుంది. ఆకుకూరలకు, నీరు ఇగిరిపోయే వేపుళ్లకు దించేముందే వెయ్యాలి. ముద్దపప్పుకు మెదిపాక వెయ్యాలి. పోపు కూడా చివరిదే కావాలి. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి రంగు తిరిగి, కరివేపాకు, ఇంగువ పడ్డ మరుక్షణం గిన్నెలో పోసి మూత పెడితే వాసన బయటికి పోదు. తిండి రుచిలో ముక్కు పాత్ర పెద్దది. పోపు మాడితే మాత్రం ఆ చేదును కప్పడానికి మళ్లీ ఉప్పే వెయ్యాల్సి వస్తుంది. ఇంకో కిటుకు, పొద్దున్నే ఆ రోజుకు సరిపడే ఉప్పును చిన్న గిన్నెలోకి తీసిపెట్టి, డబ్బా పైన ఎత్తులో పెట్టెయ్యండి. రూములో ఎవరి వంతు వచ్చినా ఆ గిన్నెలోదే వాడాలి.

పొడులు కూడా అక్కరకొస్తాయి. కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, నువ్వుల పొడి తక్కువ ఉప్పుతోనే కమ్మగా ఉంటాయి. నువ్వులు సౌదీకి కొత్త కాదు, జీజాన్ ప్రాంతం నువ్వుల నూనెకు పేరున్నది. కానీ గసగసాలు ఊరి నుంచి పొరపాటున కూడా తీసుకెళ్లకండి. సౌదీలో అవి నిషిద్ధం, మసాలా పొట్లంలో దొరికినా పెద్ద కేసవుతుంది. కూర చిక్కదనానికి నువ్వులో జీడిపప్పో నూరుకుంటే సరిపోతుంది.

సైంధవ లవణం, గులాబీరంగు హిమాలయ ఉప్పు మంచివన్న ప్రచారం నమ్మొద్దు. వాటిలోనూ దాదాపు అంతే సోడియం. కొంత సోడియం బదులు పొటాషియం కలిపిన ఉప్పు వేరు. చైనాలో సుమారు 600 గ్రామాల్లో దాదాపు 21 వేలమందితో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లకు పక్షవాతం 14 శాతం తగ్గింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకూడదు. ఎండలో పనిచేసేవాళ్లకూ ఒక జాగ్రత్త. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. మిగతా గంటల్లో కారే చెమటా తక్కువేం కాదు, చెమటతో ఉప్పూ పోతుంది. అలాంటివాళ్లు ఎంత తగ్గించాలో వైద్యుడే చెప్పాలి, ఒక్కసారిగా మానెయ్యకూడదు.

మిగతావాళ్లకు కొన్ని వారాల ఓపిక చాలు. మెల్లమెల్లగా తగ్గిస్తే నాలుక అలవాటుపడుతుంది, ఆ తర్వాత పాత కూరే ఉప్పగా తోస్తుంది. ఒక్కడి కోసం వేరే గిన్నె పెట్టుకుంటే ఆ పట్టుదల వారం కూడా నిలవదు. రూమంతా కలిసి మొదలుపెట్టండి. ఇంటి దగ్గరున్న అమ్మలకు, అక్కలకు, వదినలకు ఒక మనవి. ఈసారి సౌదీ వెళ్లేవాళ్లతో ఆవకాయ చిన్న సీసాలో పంపండి. సంచిలో మిగిలిన చోటును నీడన ఎండబెట్టిన కరివేపాకుకు, ఇంగువకు, ఉప్పు తగ్గించి కొట్టిన పొడులకు ఇవ్వండి.